ఫిర్యాదు ఎందుకు ఆలస్యమైంది?

డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న అమ్మాయో అబ్బాయో "పీజీలో క్రిమినాలజీ చేస్తాను" అన్నారనుకోండి. కోనసీమ ఇళ్లలో వినపడే మొదటి మాట దాదాపు ఒకటే: "దొంగల మీద చదువేంటి? ఉద్యోగం వచ్చేదేదో చూసుకో." పెద్దవాళ్ల బెంగలో అర్థముంది. కానీ అసలు చిక్కు చదవాలనుకునేవాళ్ల ఊహలోనే ఉంది. వెబ్ సిరీస్‌లు చూసి, వేలిముద్ర దొరకగానే హంతకుడు దొరికిపోతాడన్న ఆశతో చేరినవాళ్లు మొదటి సెమిస్టర్‌లోనే నీరుగారిపోతారు. ఈ చదువులో కాలమంతా ప్రశ్నలతోనే గడుస్తుంది. ఈ నేరం ఇక్కడే ఎందుకు జరిగింది? ఎవరు స్టేషన్ దాకా రాగలిగారు, ఎవరు రాలేకపోయారు? శిక్ష పూర్తయి బయటికొచ్చినవాడికి ఊరు మళ్లీ పని ఇచ్చిందా?

ఈ ప్రశ్నలు మీకు పడతాయో లేదో తేల్చుకోవడానికి ఫీజు కట్టక్కర్లేదు. ఒక ఎఫ్ఐఆర్ చదవండి. సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే ఆదేశించింది. అందులో పేర్లను నలుగురిలో పెట్టకండి, వాట్సాప్‌లో తిప్పకండి. గడులు మాత్రం ఒక్కొక్కటే చూడండి. నేరం జరిగిన రోజు, సమయం. స్టేషన్‌కు కబురు అందిన సమయం. స్టేషన్ నుంచి ఘటనాస్థలం ఎంత దూరం, ఏ దిక్కు. ఇంకాస్త కిందికి వస్తే, ఫిర్యాదు ఆలస్యమైతే కారణమేమిటో రాయాల్సిన గడి.

చాలామంది దాన్ని దాటేస్తారు. మీరు అక్కడ ఆగండి.

మధ్యాహ్నం దెబ్బలాట జరిగింది, ఫిర్యాదు మర్నాడు పొద్దున్న అందింది అనుకుందాం. కోర్టులో ముద్దాయి తరఫు ప్లీడరు పట్టుకునేది ఆ సందునే. "రాత్రంతా ఏం చేశారు? పెద్దమనుషులతో కూర్చుని కథ అల్లారా?" అని నిలదీస్తాడు. అది అతని పని, తప్పుపట్టలేం. కానీ ఫిర్యాది ఊరు పి.గన్నవరం దగ్గర ఓ లంక అయితే? ఆగస్టులో వరద వచ్చి కాజ్‌వే మునిగితే, చీకటి పడ్డాక పడవ కట్టేవాడుండడు. మరో ఇంట్లో భర్త కొట్టిన ఆడమనిషి రాత్రే బయల్దేరబోతుంది. "రేపు మాట్లాడదాం, పరువు పోతుంది" అని అరుగు మీదున్నవాళ్లు ఆపేస్తారు. ఇంకో ఇంట్లో నిజంగానే కథ అల్లారు. కాగితం మీద మూడూ ఒకే ఆలస్యం. ఏది ఏదో తేల్చడానికి రేవు తెలియాలి, వరద తెలియాలి, ఆ అరుగు తెలియాలి. ఈ విషయంలో కోనసీమలో పుట్టినవాళ్లు మహానగరం నుంచి వచ్చిన సహాధ్యాయి కన్నా ముందుంటారు. ఊరివాళ్లమని మొహమాటపడకండి, క్లాసులో చెప్పండి.

తీర్పు చెప్పేముందు కారణం అడగడాన్ని నేను వ్యక్తిత్వంలో భాగమనే అంటాను. అడగకుండా తేల్చేస్తే ఏమవుతుందో తెలుగునేల చూసింది. ఇటలీ వైద్యుడు లొంబ్రోసో, కొందరు పుట్టుకతోనే నేరస్థులంటూ 1876లో పుస్తకం రాశాడు. అంతకు ఐదేళ్ల ముందే, 1871లో, ఆంగ్లప్రభుత్వం కులాలకు కులాలనే నేరస్థ జాతులుగా రాసేసే చట్టం తెచ్చింది. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాలను సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ అజమాయిషీలో ఉంచారు. చట్టం 1952లో రద్దయింది, ఊరి పేరుకు అంటిన మచ్చ మాత్రం పోలేదు. కవి జాషువా కుమార్తె హేమలతా లవణం, భర్త లవణంతో కలిసి ఆ ఊళ్లోనే, మామూలు బతుకు బతకాలనుకున్నవాళ్ల పక్కన నిలబడి పనిచేశారు. పాఠ్యపుస్తకంలో లొంబ్రోసో వచ్చినప్పుడు, పరీక్ష కోసం నాలుగు పాయింట్లు బట్టీపట్టి వదిలేయకుండా స్టువర్టుపురం గురించి కూడా వెతికి చదవండి.

కారణం అడగాల్సిన అవసరం పాతకాలంతోనే పోలేదు. 2022 మే 24ను అమలాపురంలో ఇంకా ఎవరూ మరిచిపోలేదు. కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ మొదలైన ఆందోళన మంత్రి, ఎమ్మెల్యే ఇళ్లకు నిప్పు పెట్టేదాకా వెళ్లింది. ఇళ్లు తగలబెట్టడం నేరం. అందులో రెండో మాట లేదు. ఆ మాట అన్నాక కూడా అడగాల్సినవి చాలా మిగులుతాయి. ఊరేగింపు ఏ మలుపులో గుంపుగా మారింది? ఫోన్లలో తిరిగిన మెసేజ్‌లు ఏం చేశాయి? తమాషా చూద్దామని వెళ్లిన కుర్రాడి చేతిలోకి రాయి ఎలా వచ్చింది? అలాంటి కుర్రాడి మీద కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే 1967 పాస్‌పోర్టు చట్టం ప్రకారం పాస్‌పోర్టు నిరాకరించవచ్చు, విదేశం వెళ్లాలంటే కోర్టు అనుమతి కావాలి. గల్ఫ్ డబ్బుతో పొయ్యి వెలిగే ఇళ్లున్న రాజోలు ప్రాంతంలో దాని బరువెంతో వేరే చెప్పాలా?

ప్రాజెక్టుకు విషయం దొరకలేదని కోనసీమలో ఎవరైనా అంటే నేను నమ్మను. 1983 వలస చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న ఏజెంటే మనుషుల్ని విదేశీ పనికి పంపాలి. అయినా ఊళ్లో తెలిసిన మనిషి మాట మీదే పాస్‌పోర్టు చేతికిచ్చేస్తారు. ఎందుకు? మోసపోయాక కూడా కేసు పెట్టడానికి ఎందుకు వెనకాడతారు? సంక్రాంతికి భోగి మొదలు కనుమ దాకా కోడిపందేల బరుల దగ్గర 1974 జూద చట్టం ఎటు పోతుంది? ఒక్కటి పట్టుకుని లోతుగా వెళ్లండి.

ఎక్కడ చదవాలి? మద్రాసు విశ్వవిద్యాలయంలో, తిరునల్వేలి మనోన్మణియం సుందరనార్ విశ్వవిద్యాలయంలో క్రిమినాలజీకి ప్రత్యేక విభాగాలున్నాయి. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్) ఈ రంగంలో సామాజిక సేవ వైపు మొగ్గుతుంది. గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం ల్యాబ్ వైపు మొగ్గుతుంది. ఈ రెండు దారులూ ఒకటనుకోకండి. ఫోరెన్సిక్‌కు సాధారణంగా సైన్సు డిగ్రీ కావాలి, క్రిమినాలజీకి మనుషుల మీద ఆసక్తి, ఓపికగా చదివే అలవాటు ఎక్కువ పనికొస్తాయి. పుస్తకాలు మాత్రం కొత్తవే కొనండి. 2024 జులై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టాల స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చాయి. ఏడేళ్లు, ఆపైన శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి రావాలని నాగరిక్ సురక్షా సంహిత చెబుతోంది. దాన్ని అమలు చెయ్యడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చింది.

ఉద్యోగం సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఎస్ఐ పోస్టుకు ఏ డిగ్రీ అయినా చాలు, క్రిమినాలజీతో అడ్డదారి ఏమీ దొరకదు. విదేశంలో ఇదే చదివి అక్కడే పోలీసు ఉద్యోగం అంటే, చాలా దేశాల్లో పౌరసత్వమో శాశ్వత నివాసమో అడుగుతారు. అప్పు చేసేముందు ఆ నిబంధన చదవండి. బాలల సంరక్షణ, బాధితులకు సాయం చేసే సంస్థలు, బ్యాంకుల్లో మోసాల విచారణ, సైబర్ నేరాల విశ్లేషణ, పరిశోధన: ఈ చదువుకు పనులు ఇలాంటిచోట్ల దొరుకుతాయి. ఎల్ఎల్‌బీ తోడైతే ఇంకో తలుపు తెరుచుకుంటుంది.

దరఖాస్తు పెట్టేముందు కాలేజీ సెలవుల్లో అమలాపురం, రాజోలు, కొత్తపేట కోర్టుల్లో మీకు దగ్గరున్నదానికి వెళ్లండి. విచారణ సాధారణంగా బహిరంగమే, వెనక బెంచీ మీద కూర్చుని వినొచ్చు. అక్కడే న్యాయ సేవాధికార కమిటీ కార్యాలయం ఎక్కడో కనుక్కుని, పారా లీగల్ వలంటీర్లను ఎప్పుడు తీసుకుంటారో అడగండి. ఉదయం వాయిదాల హడావిడిలో ఎవరికీ తీరిక ఉండదు, మధ్యాహ్నం వెళ్తే నిదానంగా మాట్లాడతారు.