మూడో తరగతికి లెక్కల అయ్యోరు కావాలా?

52 లోంచి 27 తీసేస్తే ఎంత? మూడో తరగతి పిల్లాడు 35 అని రాశాడనుకుందాం. మనం చూడగానే తప్పు అనేస్తాం. కానీ వాడేమీ ఊరికే రాయలేదు. ఒకట్ల స్థానంలో 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 2 తీశాడు, 5 వచ్చింది. పదుల్లో 5 లోంచి 2 పోతే 3. "పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యాలి" అని ముందు తరగతిలో విన్న మాటనే బుద్ధిగా పాటించాడు. ఆ తప్పు వెనక ఉన్న ఆలోచనని పట్టుకునే మనిషి క్లాసులో ఉన్నారా అన్నదే అసలు ప్రశ్న.

మన ప్రైమరీ స్కూళ్ళలో పాఠం చెప్పేది ఎస్జీటీ. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, ఈవీఎస్ అన్నీ వాళ్ళే చెప్పాలి. మా ఆత్మకూరు నుంచి ఉదయగిరి వైపు వెళ్తే ఊళ్ళు దూరదూరంగా ఉంటాయి. పిల్లలు తక్కువున్న బడిలో ఒకరిద్దరు టీచర్లే అన్ని తరగతులూ చూసుకోవాలి. 2009 విద్యాహక్కు చట్టం కూడా సైన్సు, లెక్కలకి టీచరు ఉండి తీరాలన్నది 6 నుంచి 8 తరగతులకే. కానీ అప్పటికే ఆలస్యమైపోతోంది. 2022 అసర్ సర్వే ప్రకారం, గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించగలిగింది 25.6 శాతమే. అంటే నలుగురిలో ఒక్కరు.

ఆంధ్రప్రదేశ్ దీనికి ఒక దారి ప్రయత్నించింది. 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 ప్రకారం 3, 4, 5 తరగతులని కిలోమీటరు లోపు ఉన్న హైస్కూళ్ళకి కలిపారు. సబ్జెక్టు టీచర్లు, అంటే స్కూల్ అసిస్టెంట్లు, మూడో తరగతి నుంచే చెప్పాలన్నది ఉద్దేశం. ఆలోచన మంచిదే. కానీ అందులో రెండు విషయాలు ముడిపడిపోయాయి: లెక్కల టీచరు రావడం, ఊరి బడి దూరమవడం. ఎనిమిదేళ్ళ పిల్ల రోడ్డు దాటి వెళ్ళాలంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? చాలాచోట్ల తల్లిదండ్రులు ధర్నాలు చేశారు. ఇంకోపక్క, కిలోమీటరు లోపు హైస్కూలు లేని ఊళ్ళకి లెక్కల టీచరు అందనేలేదు. అలాంటి ఊళ్ళు మా పడమటి మండలాల్లో తక్కువేం కాదు. 2025లో ఆ జీవో రద్దయింది. తరగతికో టీచరు ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్ళు వచ్చాయి. గొడవ సద్దుమణిగింది గానీ, లెక్కల ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ఇంతకీ చిన్న తరగతుల లెక్కలకి ప్రత్యేకంగా తెలియాల్సింది ఏముంటుంది? 1999లో లిపింగ్ మా అనే పరిశోధకురాలు అమెరికా, చైనా ప్రైమరీ టీచర్లని పోలుస్తూ పుస్తకం రాశారు. 1¾ ని ½ తో భాగించమంటే 23 మంది అమెరికా టీచర్లలో 9 మందే సరిగ్గా పూర్తి చేశారు. చైనా టీచర్లు 72 మందీ చేశారు. విచిత్రం ఏంటంటే, చదివిన సంవత్సరాలు చైనా వాళ్ళవే తక్కువ. వాళ్ళ బలం డిగ్రీలో లేదు, చిన్న లెక్కని లోతుగా తెలుసుకోవడంలో ఉంది. కాబట్టి మనకి ట్రిపుల్ ఇంటిగ్రల్ వచ్చినంత మాత్రాన మూడో తరగతికి చెప్పగలం అనుకోకూడదు.

మళ్ళీ మన 52 దగ్గరికి వద్దాం. "పక్కింట్లో అప్పు తెచ్చుకో" అని మనందరికీ చెప్పారు. అప్పంటే తిరిగి ఇవ్వాలి కదా, ఇక్కడ ఎవరికిస్తున్నాం? ఉదయగిరి చెక్క స్పూన్లే తీసుకోండి. పదేసి చొప్పున ఐదు కట్టలు, విడిగా రెండు. 27 ఇవ్వాలంటే ఒక కట్ట విప్పాలి. ఇప్పుడు నాలుగు కట్టలు, పన్నెండు విడివి. మిగిలేది 25. ఇందులో అప్పు లేదు, విప్పడమే. ఈ ఒక్క మాట మారిస్తే పిల్లాడికి స్థాన విలువ అర్థమవుతుంది.

భాష కూడా సాయం చేస్తుంది. "పదమూడు" అంటే పది, మూడు అని మాటలోనే వినిపిస్తుంది. "థర్టీన్"లో మూడు ముందొస్తుంది, పైగా "థర్టీ"తో కలిసిపోతుంది. ఇంగ్లీషు మీడియం పిల్లలకి సంఖ్యని ముందు తెలుగులో పలికించాలని తెలిసినవాళ్ళే మంచి లెక్కల టీచరు.

మరి ఇలాంటి టీచరు ప్రతి చిన్న బడికీ దొరుకుతారా? దొరకరు. అమెరికాలోని వర్జీనియాలో ఇంకో పద్ధతి ఉంది. లెక్కల స్పెషలిస్టు పిల్లలకి బదులు టీచర్లకి తోడుగా ఉంటారు: కలిసి పాఠం సిద్ధం చేస్తారు, పిల్లల తప్పులు కలిసి చూస్తారు. మూడేళ్ళు గమనించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో 3, 4, 5 తరగతుల పిల్లల మార్కులు పెరిగాయి. కాకపోతే మొదటి ఏడు కాదు, ఆ తర్వాత.

మనకి స్కూల్ కాంప్లెక్సులు ఉండనే ఉన్నాయి. కాంప్లెక్సుకి ఒక లెక్కల టీచరు, వారానికి ఒక రోజు ఒక్కో బడికి వెళ్ళి ఎస్జీటీ పక్కన కూర్చుంటే చాలు. పిల్లలు ఊరు దాటక్కర్లేదు. అయ్యోరే బండి మీద వస్తారు. కాకపోతే ఫలితం కోసం ఒక్క ఏడాదికే తొందరపడి జీవో మార్చేయకూడదు.

మనలో కొందరు రేపు బీఎడ్ చేసి డీఎస్సీ రాస్తారు. మిగతావాళ్ళకీ ఇంట్లో తమ్ముడో, అక్క కొడుకో ఉంటాడు. వాడు 35 అని రాస్తే వెంటనే కొట్టేయకండి. "ఎట్టా చేశావురా?" అని అడిగి, వాడు చెప్పేది పూర్తిగా వినండి.