చెప్పిన మాట యంత్రం విన్నదా?

మన ఖమ్మం జిల్లా రైతుకు వైర్‌లెస్ కొత్త విద్యేమీ కాదు. బోరు మోటారుకు సెల్ స్టార్టరు బిగించుకొని ఇంట్లో కూర్చునే మోటారు వేసుకునే రైతులున్నారు. మోటారు తిరిగిందో లేదో, ఏ ఫేజు పోయిందో ఆ స్టార్టరే తిరిగి కబురు చేస్తుంది. ఈ తిరుగు కబురు విలువ ఎంతటిదో, ఇంట్లో ఏసీని ఫోనుతో నడపబోయి నేను తెలుసుకున్నాను. ఆ అనుభవాన్ని తోటి విద్యార్థుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వేడిని తోడే పంపు

ఏసీ చల్లదనాన్ని తయారు చేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది వేడిని తోడి బయట పారబోసే పంపు. నీళ్ళు పల్లం నుంచి మెరకకు ఎక్కాలంటే మోటారు కావాలి. అట్లాగే చల్లని గదిలోని వేడి, మండే ఎండలోకి పోవాలంటే కంప్రెసర్ కావాలి. గదిలోని గొట్టాల్లో ద్రవం ఆవిరవుతూ వేడిని పీలుస్తుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి ఇంకా వేడెక్కిస్తుంది. బయటి పెట్టెలో అది తిరిగి ద్రవంగా మారుతూ వేడిని వదిలేస్తుంది. ఈ చక్రాన్ని తిరగేస్తే చలిదేశాల్లో అదే యంత్రం ఇంటిని వెచ్చబరుస్తుంది. భవనాలకు ఇటువంటి పంపు వాడవచ్చునని విలియం థామ్సన్, అనగా తరువాతి కెల్విన్ ప్రభువు, 1852లోనే సూచించాడు. ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడిని తోడవచ్చు. అయినా ఆ ఒక్క యూనిట్ కోసం మణుగూరులోనో పాల్వంచలోనో బొగ్గు మండవలసిందే కదా!

రిమోటు భాష

టీవీ రిమోటులో ఒక మీటకు ఒక సంకేతం. ఏసీ రిమోటు పద్ధతి వేరు. ఏ మీట నొక్కినా ఉష్ణోగ్రత, ఫ్యాను వేగం, ఆన్, ఆఫ్ అన్నీ కలిపి మొత్తం జాబితానే పంపుతుంది. ఈ కబురు కంటికి కనపడని పరారుణ కాంతిలో పోతుంది. ఆ కాంతి సాధారణంగా సెకనుకు 38 వేలసార్లు మినుకుతుంది. మామూలు ఏసీ దీనికి బదులు పంపదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

కావలసిన సామాను

ఈఎస్‌పీ 8266 అనే వైఫై బోర్డు, ఒక పరారుణ ఎల్ఈడీ, 2ఎన్2222 ట్రాన్సిస్టరు, రెండు మూడు రెసిస్టర్లు చాలు. బోర్డు పిన్ను 12 మిల్లీఆంపియర్లకు మించి ఇవ్వలేదు. అందుకే ఎల్ఈడీకి ముందు ట్రాన్సిస్టరు తప్పనిసరి. ముందుగా పరారుణ రిసీవరుతో మన రిమోటు సంకేతాన్ని చదివించుకోవాలి. 230 వోల్టుల తీగల జోలికి పోనక్కరలేకపోవడం ఇందులోని గొప్ప సౌకర్యం. రిలే పెట్టి ఏసీ కరెంటునే తెంచి కలిపే పని మాత్రం చెయ్యకండి. ఆగిన కంప్రెసర్‌ను మళ్ళీ నడిపే ముందు లోపలి ఒత్తిడి సర్దుకోవడానికి మూడు నిమిషాలైనా వ్యవధి ఇవ్వాలి.

జరిగిన పొరపాటు

మా అమ్మమ్మ భద్రాచలంలో ఉంటుంది. రిమోటు మీద అక్షరాలు ఆమెకు ఆనవు. మే నెల మధ్యాహ్నం ఖమ్మం హాస్టల్ నుంచి నేనే మీట నొక్కాను. ఫోనులో "ఆన్" అని పడింది. నిశ్చింతగా చదువులో మునిగాను. గంటన్నర తరువాత అమ్మమ్మ ఫోను: "ఏరా నాన్నా, నీ మిషను తిరగట్లేదురా. ఉడికిపోతన్నాను."

తరువాత విచారిస్తే తేలిందేమంటే, నేను మీట నొక్కినప్పుడు అక్కడ కరెంటు లేదు. రూటరు, బోర్డు ఇన్వర్టరు మీద బతికే ఉన్నాయి, ఏసీ లేదు. బోర్డు తన కబురు గోడకు చెప్పింది! కరెంటు వచ్చాక మళ్ళీ చెప్పేవాడు లేడు. ఫోను చూపిన "ఆన్" నా ఆజ్ఞే తప్ప గది స్థితి కాదు. ముసలివాళ్ళకు అటువంటి వేడిలో గంటన్నర అంటే మాటలు కాదు.

దిద్దుబాటు

డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సార్లు రెండు తెచ్చి, ఒకటి చల్లగాలి వచ్చే మూతి దగ్గర, ఒకటి గోడకు పెట్టాను. ఆజ్ఞ పంపిన పది నిమిషాలకు మూతి దగ్గరి గాలి గది కంటే ఆరు డిగ్రీలైనా చల్లబడితేనే "నడుస్తోంది" అని ఫోనులో పడుతుంది. లేకుంటే బోర్డు ఇంకొకసారి పంపి చూస్తుంది. అప్పటికీ కాకపోతే "చల్లబడలేదు" అని నాకు, పక్కింటి అత్తయ్యగారికి కబురు వస్తుంది.

రెండో మార్పు ఇంకా ముఖ్యం. అడవి అంచు ఊళ్ళలో నెట్‌వర్కు ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు పోతుందో చెప్పలేం. అందుచేత గది 32 డిగ్రీలు దాటితే ఎవరి ఆజ్ఞా లేకుండానే 26 డిగ్రీలకు ఏసీ వెయ్యమని బోర్డులోనే రాసిపెట్టాను. గడియారాన్ని నమ్ముకోలేదు. కరెంటు పోయి వస్తే, నెట్ లేని బోర్డుకు టైము తెలియదు. ఉష్ణోగ్రత మాత్రం ఎప్పుడైనా కొలుచుకోగలదు. పాత రిమోటు యథాస్థానంలోనే ఉంది, ఆన్ మీట మీద ఎర్ర స్టిక్కరు అంటించాం.

మిత్రులారా, ఆజ్ఞ పంపడం ఒక సాయంత్రం పని. అది నెరవేరిందా అని కొలవడానికి నాకు వేసవి సెలవులన్నీ పట్టాయి. మీరు ఏ యంత్రాన్ని దూరం నుంచి నడపదలచినా, తిరుగు కబురు ఎట్లా వస్తుందో మొదట ఆలోచించండి. మీటను తరువాత తయారు చేసుకోవచ్చు.