చదివేదాకా ఫోన్ ఆరొద్దు

జగిత్యాల దగ్గర ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక అత్త, కోడలు ఉన్నారు. అత్త బీడీలు చేస్తుంది. మహిళా సంఘంలో సభ్యురాలు. ఈ మధ్యనే చదువు నేర్చుకుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంది.

ఒకనాడు సంఘం లీడరు ఫోన్‌కు తెలుగులో మెసేజ్ పంపింది. అత్త బీడీల చాట పక్కన పెట్టింది. ఫోన్ తీసుకుంది. "ఈ నెల కిస్తు..." అని చదివింది. అంతలోనే తెర నల్లగా అయింది. మళ్లీ తెరిచింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. మళ్లీ ఆరిపోయింది.

పక్కింటి పిలగాణ్ని పిలిచింది. వాడు ఆటకు పోయే తొందరలో ఉన్నాడు. "15 తారీకు లోపల కట్టాలట" అని చెప్పి ఉరికాడు.

సాయంత్రం కోడలు పొలం నుంచి వచ్చింది.

"నాకు చదువు రాదే బిడ్డా. ఫోన్ కూడా నాకోసం ఆగుతలేదు" అంది అత్త.

"తప్పు నీది కాదు అత్తమ్మా. ఫోన్‌ల 30 సెకన్ల గడువు పెట్టి ఉన్నది. అంతసేపు ఎవరూ తాకకపోతే తెర ఆరిపోతది" అంది కోడలు.

"మరి సినిమా పెడితే ఆరదేంది?"

"వీడియో నడుస్తుంటే తెరను వెలిగించే ఉంచుతది. చదివేటప్పుడు నువ్వు చూస్తున్నట్టు దానికి తెల్వదు. నువ్వు వేలు పెడుతలేవు కదా!"

నిజమే. తాకితే ఏదో ఒత్తుకుంటుందని అత్తకు భయం.

కోడలు గడువు పెంచి చూపించింది. ఇట్లా చేయాలి:

1. పళ్ల చక్రం బొమ్మ ఉన్న సెట్టింగ్స్ తెరవాలి.
2. అందులో డిస్‌ప్లే అనే మాట ఒత్తాలి.
3. స్క్రీన్ టైమౌట్ అని ఉంటుంది. కొన్ని ఫోన్లలో స్లీప్ అని, ఆటో లాక్ అని ఉంటుంది. అది ఒత్తాలి.
4. 30 సెకన్లు, 1 నిమిషం, 2 నిమిషాలు, 5 నిమిషాలు అని కనబడతాయి. 5 నిమిషాలు ఎంచుకోవాలి.

అత్త మళ్లీ మెసేజ్ తెరిచింది. నిదానంగా చదివింది. "ఈ నెల కిస్తు 5 తారీకు లోపల కట్టాలి."

15 కాదు, 5! అంటే ఎల్లుండే. కిస్తు తప్పితే వడ్డీ రాయితీ పోయేది. అత్త మర్నాడే పోయి పైసలు కట్టింది.

గుర్తుంచుకోండి

తెర వెలిగి ఉంటే చార్జింగ్ తొందరగా అయిపోతుంది. అందుకే ఫోన్‌కు గడువు పెడతారు. చదవడం అయ్యాక పక్క బటన్ ఒత్తి తెర ఆర్పాలి. వెలుగుతున్న ఫోన్‌ను బయట వదిలిపెట్టొద్దు. పరాయివాళ్లు చూడవచ్చు.

చాలా ఫోన్లలో ఆరిపోయే ముందు తెర మసకబారుతుంది. అప్పుడు ఖాళీ చోట వేలు తాకిస్తే మళ్లీ వెలుగుతుంది.

మెసేజ్‌లో ఓటీపీ అంకెలు వస్తే ఎవరికీ చెప్పొద్దు. చదవమని ఫోన్ ఇతరులకు ఇవ్వొద్దు. మోసపోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

2023లో ఉల్లాస్ అనే యాప్ వచ్చింది. పెద్దవాళ్ల చదువు కోసమే అది. ఇప్పుడు పాఠాలు కూడా ఫోన్‌లో చదువుకోవచ్చు. మెల్లగా చదవడం తప్పు కాదు. మన చదువుకు తగ్గట్టు ఫోన్ గడువు మనమే పెట్టుకోవాలి.

ఆలోచించండి - చెప్పండి

1. అత్త చదువుతుంటే తెర ఎందుకు ఆరిపోయింది?
2. పిలగాడి మాట నమ్మి ఉంటే ఏమయ్యేది?
3. మీ ఫోన్‌లో గడువు ఎంత ఉంది? చూసి రాయండి.