రాజు వ్రాసిచ్చిన అభయపత్రము
పాఠ్యభాగము: దానియేలు 6వ అధ్యాయము

ఈ అధ్యాయమును చదువునప్పుడు మనము సింహములను జ్ఞాపకముంచుకొని రాజును మరచిపోవుదుము. దానియేలును విడిపింపవలెనని దర్యావేషు సూర్యాస్తమయమువరకు ప్రయాసపడెను. అయినను తాను సంతకము చేసిన శాసనమే అతని చేతులు కట్టివేసెను. మంచి మనస్సుండియు లొంగిపోయిన రాజు ఇతడు. అట్టి మరియొక రాజు ఐరోపా చరిత్రలో కనబడుచున్నాడు. ఈ నెల అతనిని దర్యావేషు ప్రక్కన నిలిపి చూతము.

సిగిస్మండు 1387 నుండి హంగేరీ రాజు. తరువాత జర్మనీ రాజుగా కూడ ఎన్నుకొనబడెను. ఆ దినములలో పోపులమని చెప్పుకొనువారు ఒకరు కాదు, ముగ్గురు. ఈ చీలిక మాన్పుటకు కాన్‌స్టెన్స్ పట్టణములో మహాసభ కూడునట్లు అతడు పాటుపడెను. మంచి పనియే, కాదనము. ఆ సభకు బొహీమియా దేశపు బోధకుడగు జాన్ హస్‌ను కూడ రమ్మనెను. హస్ ప్రాగు నగరములో బేత్లెహేము అను పేరుగల మందిరమున, జనుల సొంత భాషలో వాక్యము ప్రకటించినవాడు. అతడు వచ్చుటకు, ఉండుటకు, తిరిగి పోవుటకు ఎవరును అడ్డుపడరాదని రాజు అభయపత్రము వ్రాయించెను. దాని తేది 1414 అక్టోబరు 18. హస్ పత్రము చేతికందక మునుపే, 11వ తేదీననే, బయలుదేరెను. రాజు మాటయే చాలుననుకొనెను కాబోలు.

నవంబరు 3న అతడు చేరెను. 28న పట్టుకొని చెరలో వేసిరి. రాజు క్రిస్మసు ముందు రాత్రి వచ్చెను. తన మాట పోయెనని మండిపడి, సభను విడిచిపోదునని బెదరించెను. దుర్బోధకునికిచ్చిన మాట నిలుపనక్కరలేదనియు, రాజు అడ్డువచ్చినయెడల సభయే చెదరుననియు పెద్దలు చెప్పిరి. సభ చెదరిన పోపులు ముగ్గురును మిగులుదురు. రాజు లొంగెను.

ఇంతవరకు దర్యావేషునకును ఇతనికిని భేదము లేదు. అయితే దర్యావేషు ఆ రాత్రి ఉపవాసముండి, నిద్రలేక, తెల్లవారగానే గుహయొద్దకు త్వరపడి పోయెను. సిగిస్మండో, 1415 జూన్ 8న విచారణ ముగిసిన పిమ్మట, హస్ తన బోధ విడువనిచో కాల్చివేయుడనియు, విడిచెదనన్నను నమ్మవద్దనియు పెద్దలతో చెప్పెను. సమీపమున నిలిచియున్న బొహీమియా ప్రభువులు ఆ మాట చెవులార వినిరి. చేతకాక ఊరకుండుట ఒకటి, తానే ముందుకు వచ్చి రాయి వేయుట మరియొకటి. మన ఊరి తగవులలోను ఈ రెంటిని చూచియున్నాము. ఇతనికంటె పిలాతే మేలన్న భావము హస్ చెరనుండి వ్రాసిన ఉత్తరములో కనబడుచున్నది. జూలై 6న అతనిని కాల్చి, బూడిదను రైను నదిలో పోసిరి.

1417లో సభవారు ఒకే పోపును ఎన్నుకొనిరి. రాజు కోరినది దొరికినది. కాని ఆ ప్రభువులు విన్న మాట వారి దేశమునకు చేరెను. 1415 సెప్టెంబరులోనే 452 మంది ప్రభువులు, కులీనులు హస్ మరణమును ఖండించుచు చేవ్రాళ్లు చేసిరి. 1419లో అన్న చనిపోగా బొహీమియా కిరీటము సిగిస్మండుకు రావలసియుండెను. హస్‌కు మాట తప్పినవాడు మాకు వద్దని అనేకులు త్రోసివేసిరి. 1420 మొదలు 1431 వరకు ఐదుమారులు సైన్యములు వారిమీదికి పోయి, ఓడి తిరిగివచ్చెను. తుదకు 1436లో, ప్రభురాత్రి భోజనమున సామాన్య విశ్వాసులకును రొట్టెతోపాటు గిన్నె ఇయ్యవచ్చునని ఒడంబడిక జరిగిన తరువాతనే, ఆ దేశస్థులు అతనిని రాజుగా అంగీకరించిరి. అప్పటికి అతడు వృద్ధుడు. 1437 డిసెంబరు 9న మరణించెను. అంతకాలము పోరాడి సంపాదించిన రాజ్యమును ఏలినది పదునారు నెలలు.