మీథేన్ బయటికి, కార్బన్ డయాక్సైడ్ లోపలికి

నెదర్లాండ్స్ దగ్గర ఉత్తర సముద్రంలో కే12-బీ అనే గ్యాస్ ఫీల్డ్ ఉంది. అక్కడి గ్యాస్‌లో దాదాపు 13 శాతం కార్బన్ డయాక్సైడే. మొదట్లో దాన్ని వేరుచేసి గాల్లోకి వదిలేసేవాళ్లు. 2004 నుంచి, అది వచ్చిన రాతిపొరలోకే తిరిగి పంపడం మొదలుపెట్టారు.

గ్యాస్ తోడేకొద్దీ లోపల ప్రెషర్ పడిపోతుంది కదా, దాన్ని ఇది నిలబెడుతుంది. పైగా మీథేన్ కన్నా బరువు కాబట్టి అడుగుకి చేరి, మిగిలిన మీథేన్‌ని బావి వైపు నెడుతుంది. అయితే రాతిలో సులువైన దారి దొరికితే తనే ముందు బావిలోకి వచ్చేస్తుంది. అప్పుడు మళ్లీ వేరుచేయాలి.

మరి తీసిన మీథేన్‌ని కాలిస్తే? ఒక్కో అణువుకి ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు పుడుతుంది. లోతులో కార్బన్ డయాక్సైడ్ బాగా కుదించుకుపోతుంది కాబట్టి, మీథేన్ ఖాళీ చేసిన చోట అంతకన్నా ఎక్కువ అణువులు పడతాయి. అందుకే ఇలాంటి ప్రాజెక్ట్ గురించి విన్నప్పుడు అడగాల్సింది ఒక్కటే: అదనంగా తీసిందెంత, దాచిందెంత?