నీళ్లు ఎక్కడివి?

ధారావి, ముంబై

చిరంజీవి చిన్నాకు తాత ఆశీర్వదించి రాయునది.

నువ్వు రెండడుగుల అక్వేరియం కొన్నావని మీ అమ్మ చెప్పింది. గ్యాలన్ నీళ్లకు అంగుళం చేప చొప్పున వేసుకొమ్మని షాపువాడు చెప్పాడట కదా. "ఆ లెక్కన పదిహేను గప్పీలైనా, ఐదంగుళాల గోల్డ్‌ఫిష్‌లు మూడైనా ఒకటేనా తాతా? నువ్వు ఎన్నడూ లెక్కపెట్టగా చూడలేదే!" అని మెసేజ్ పెట్టావు. ఫోన్లో తేలే మాట కాదని ఉత్తరం రాస్తున్నాను.

ఒకటి కాదు బిడ్డా. నీ ట్యాంకులో పట్టేది దాదాపు 56 లీటర్లు, అంటే 15 గ్యాలన్లు. కూడిక సరిగ్గానే ఉంది. కానీ చేప పొడవు ఐదింతలైతే వెడల్పూ మందమూ కూడా ఐదింతలవుతాయి. అప్పుడు దాని ఒళ్లు ఇంచుమించు నూట పాతికింతలు. అలాంటి ఒళ్లు మూడు ఆ తొట్టిలో ఎలా ఇముడుతాయి? ఆ సూత్రం సన్నటి చిన్న చేపలకే పనికొస్తుంది.

ఎండాకాలం సంగతి కూడా ఆ సూత్రంలో లేదు. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల్లో ఏడున్నరే. మనది రేకుల ఇల్లు. అందుకే మార్చి దాటితే నేను కొత్త చేపను తేను. పొద్దున లేవగానే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయా అని చూస్తాను. ఫైటర్ చేప పైగాలి పీల్చడం దాని స్వభావం. గప్పీ అదే పని చేస్తోందంటే దానికి ఊపిరాడడం లేదని అర్థం.

ఇంతవరకు చదివి, లెక్కలెందుకు, కన్నుంటే చాలు అనుకుంటావేమో. నేను దెబ్బతిన్నది అక్కడే.

మెరైన్ డ్రైవ్‌లో తారాపోర్‌వాలా అక్వేరియం 1951లో తెరిచారు. కామాటిపురాలో ఉన్నప్పుడు మా నాయన నన్ను అక్కడికి తీసుకెళ్లేవాడు. చేపల పిచ్చి అప్పుడే పట్టింది. ధారావికి వచ్చాక సొంత ట్యాంకు కొన్నాను. క్రాఫర్డ్ మార్కెట్‌లో చేపలమ్మేవాళ్లు "యాంటీ క్లోరిన్ వేయండి కాకా" అంటే నవ్వేవాణ్ని. ఇరవై ఏళ్లు ఒక్క చుక్క వేయలేదు. నీళ్లు మార్చినందుకు ఒక్క చేపా పోలేదు. "అంతా చేతిగుణం" అని చాల్‌లో అందరికీ చెప్పుకునేవాణ్ని.

ఒకసారి పక్కింట్లో పెళ్లయితే మన డ్రమ్ము నీళ్లు వాళ్లకిచ్చేశాం. మర్నాడు నల్లా రాగానే బకెట్‌తో పట్టి నేరుగా ట్యాంకులో పోశాను. సాయంత్రానికి పదకొండు చేపలు తేలాయి.

నల్లా నీళ్లలోని క్లోరిన్ మొప్పల్ని కాల్చేస్తుంది. నల్లా వచ్చేది పొద్దున కాసేపే కాబట్టి డ్రమ్ములో పట్టి మర్నాడు వాడడం మనింటి అలవాటు. మూత లేని ఆ డ్రమ్ములో రోజంతా నిలిచేసరికి క్లోరిన్ గాలిలో కలిసిపోయేది. నేను వద్దని నవ్విన నియమాన్ని మన డ్రమ్ము ఇరవై ఏళ్లు పాటించింది. చేతిగుణం దానిది, పేరు నాది.

కొత్త ట్యాంకులోనూ ఇలాగే కంటికి కనబడని ప్రమాదం ఉంది. నీళ్లు అద్దంలా ఉంటాయి. కానీ చేపలు వదిలేదీ, మిగిలిన మేతా అమ్మోనియాగా మారతాయి. దాన్ని నైట్రైట్‌గా, ఆ పైన నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో నా అనుభవజ్ఞాన నేత్రమూ, నీ కొత్త కన్నూ ఒకటే, రెంటికీ ఏమీ కనబడదు. టెస్ట్ కిట్ కొనుక్కో. ఆ బాక్టీరియా చావకుండా ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద కడగకు, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండు. మేత ఎంత వేయాలి, ఏ చేప దేన్ని తరుముతోంది అన్నవి నీ కంటికి వదిలెయ్. కంటికి దొరకని వాటిని మాత్రం కొలతకే వదలాలి.

ఇంకో మాట. నా ఇరవై ఏళ్ల అనుభవం నీ దగ్గర సగం కూడా పనికిరాదు. మాకొచ్చేవి తాన్సా, భాట్సా, వైతరణా నీళ్లు. వాటిలో సున్నం తక్కువ. హైదరాబాదులో మీ అపార్ట్‌మెంట్‌కు బోరు నీళ్లు కూడా వస్తాయట, వాటిలో సున్నం ఎక్కువై పప్పు ఉడకడం లేదని మీ అమ్మ మొత్తుకుంటోంది. పప్పుకు పడని ఆ నీళ్లు గప్పీలకూ మోలీలకూ బాగానే పడతాయి. ముచ్చటగా ఉన్నాయని నియాన్ టెట్రాలు మాత్రం తేకు. బోరు నీళ్లలో మామూలుగా క్లోరిన్ ఉండదు, మున్సిపల్ నీళ్లలో ఉంటుంది. ఏ రోజు ఏవి ఎక్కిస్తున్నారో వాచ్‌మన్‌ని అడిగి తెలుసుకో. తెలియని రోజు యాంటీ క్లోరిన్ వెయ్. నవ్వకు.

ముందు ఆరు గప్పీలతో బోణీ చెయ్యి. దసరాకు వస్తాను. వచ్చాక చేపలు ఎట్లున్నాయని అడగను, నీళ్లు ఎక్కడివని అడుగుతాను. జవాబు సిద్ధంగా పెట్టుకో.

ఇట్లు,
మీ తాత