పుక్కటి ఆటకు పైసలెవరు కడుతరు?

సెలవులు దగ్గరికి వచ్చినవి. హాస్టల్‌లో మన చేతికి ఫోను రాదు. ఇంటికి పోంగనే అమ్మ ఫోనో, అన్న ఫోనో దొరుకుతది. అందుట్ల పుక్కటికి వచ్చే ఆటలు ఎట్ల నడుస్తవో ఈ పాఠంలో తెలుసుకుందాము. తెలిసి ఆడేటోడు మోసపోడు.

1. అసలు ప్రశ్న

కబడ్డీకి ఒక గీత చాలు. అష్టాచెమ్మకు నాలుగు చింతగింజలు, సుద్దముక్క చాలు. వాటికి యజమాని లేడు. ఫోను ఆటకు యజమాని ఉన్నడు. దానిని తయారు చేసే ఇంజనీర్లకు, బొమ్మలు గీసేవారికి జీతాలు ఇయ్యాలె. మరి మనకు పుక్కటికి ఇచ్చి కంపెనీ ఎట్ల బతుకుతుంది?

మూడు దారులు ఉన్నవి. ఒకటి, నడుమ నడుమ వచ్చే ప్రకటనలు. రెండు, ఆటలో అమ్మే బట్టలు, తుపాకులు, వజ్రాలు. మూడు, ఆడేవారి వివరాలు. ఆడేవారిలో ఎక్కువమంది ఏమీ కొనరు. కొద్దిమంది మాత్రం చాలా కొంటరు. ఈ వ్యాపారం చేసేవారు అట్లాంటి వారిని తిమింగలాలు అని పిలుచుకుంటరు. ఎవరు తిమింగలం అయ్యేటట్టున్నరో కనిపెట్టుటకు మూడవ దారి పనికివస్తది.

2. జాతరలో రింగులాట

కొండగట్టు జాతరలోనో, సమ్మక్క జాతరలోనో రింగులాట మనమందరము చూసినదే. రింగు సబ్బు మీద పడీ పడనట్టు జారిపోతది. ఇంకొక్కసారి వేస్తే పడుతదని ఇంకో పది రూపాయలు తీస్తము. కానీ ఆ దుకాణాయనకు మన పేరు తెలువదు, జేబుల ఎంత ఉన్నదో తెలువదు. జాతర అయిపోతే ఆయన వెళ్ళిపోతడు.

ఫోనులోని దుకాణం మన జేబులోనే ఉంటది. మనము ఏ వేళకు ఆడుతమో, ఎక్కడ ఓడిపోతమో, ఏ బొమ్మను ఎంతసేపు చూసినమో, ఇంతకుముందు ఏమి కొన్నమో అన్నీ రాసిపెట్టుకోగలదు. రాసిపెట్టుకొని, మన మనసు మెత్తగా ఉన్నప్పుడు ధర చెప్పగలదు. కాబట్టి పైసలు పోవడం, గుట్టు పోవడం రెండు వేరు వేరు సంగతులు కావు. గుట్టు ముందు పోతది, దాని వెనుక పైసలు పోతవి.

3. నేను రాసుకున్న గుర్తులు

పోయిన సెలవులల్ల మా తమ్ముడు ఒక ఆట ఆడుతుంటే పక్కన కూచుండి నోట్‌బుక్కులో ఇట్ల రాసుకున్నాను.

(అ) అమ్మకం బోర్డు వాడు గెలిచినప్పుడు రాలేదు. అవుటయిన తక్షణమే వచ్చింది.
(ఆ) "ఇంకా 30 నిమిషాలే" అని గడియారం చూపించింది. తెల్లారి చూస్తే అదే వస్తువు, గడియారం మళ్ళీ మొదటి నుంచి.
(ఇ) ఏడు రోజులు వరుసగా వస్తే ఒక పెట్టె ఇస్తదట. ఒక్కరోజు తప్పితే లెక్క మళ్ళీ ఒకటికి వస్తది. అందుకని మావాడు చేనుకాడికి కూడా రానన్నడు.
(ఈ) కొనే గుండీ పచ్చగా పెద్దగా ఉన్నది. వద్దు అనే గుర్తు మూలకు చీమంత ఉన్నది.

ఇవి అనుకోకుండా వచ్చినవి కావు. మన దేశంలో 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇట్లాంటి మాయ పద్ధతులను 13 రకాలుగా గుర్తించి మార్గదర్శకాలు ఇచ్చింది. లేని తొందర పుట్టించడం వాటిలో ఒకటి.

4. లెక్కల పీరియడ్

మొదటి లెక్క. వజ్రాలు నూటికి ఒక కట్ట చొప్పున అమ్ముతరు అనుకుందాము. చొక్కా ధర 120 వజ్రాలు. రెండు కట్టలు కొనవలసిందే. 80 మిగులుతవి. మిగిలినవి వృథా పోతయని మళ్ళీ కొంటము. రూపాయలను వజ్రాలుగా మార్చుటలో ఉన్న కిటుకు ఇదే. వజ్రం పోతే రూపాయి పోయినట్టు అనిపించదు.

రెండవ లెక్క. చక్రం తిప్పితే మంచి బహుమతి నూటికి ఒకసారి వచ్చే అవకాశం ఉన్నది అనుకుందాము. వందసార్లు తిప్పితే తప్పక వస్తదని చాలామంది అనుకుంటరు. ఒకసారి రాకుండా పోయే సంభావ్యత 0.99. దానిని వందసార్లు గుణిస్తే సుమారు 0.37 వస్తది. అంటే వందమంది వందేసి సార్లు తిప్పినా సుమారు 37 మందికి ఏమీ రాదు. ఒక్క తిప్పుడుకు 20 రూపాయలైతే ఒక్కొక్కరివి 2,000 రూపాయలు పోయినట్టు. ఇట్లాంటి అదృష్టపు పెట్టెలు కొన్ని జూదం చట్టం కిందికి వస్తవని బెల్జియం దేశం 2018లోనే తేల్చింది.

5. జరిగిన సంగతులు

2022లో హైదరాబాదులో 16 ఏండ్ల అబ్బాయి ఒకడు ఫ్రీ ఫైర్ ఆటలో 36 లక్షల రూపాయలు ఖర్చు పెట్టిన సంగతి పత్రికలలో వచ్చింది. మొదట్ల కొద్దికొద్దిగనే కొన్నడు. తల్లి బ్యాంకుకు పోయి అడిగితేనే ఖాతా ఖాళీ అయినట్టు తెలిసింది.

కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌తో కలిపి 118 యాప్‌లను నిషేధించింది. వాడేవారి వివరాలు దేశం బయటి కంప్యూటర్లకు చెప్పకుండా పోతున్నయనే ఫిర్యాదు దానికి ఒక కారణం. 2022 ఫిబ్రవరిలో నిషేధించిన 54 యాప్‌లలో ఫ్రీ ఫైర్ ఉన్నది.

అమెరికాలో 2022 డిసెంబరులో ఫోర్ట్‌నైట్ ఆట కంపెనీ ఎపిక్ గేమ్స్ 52 కోట్ల డాలర్లు కట్టుటకు ఒప్పుకున్నది. అందులో 27.5 కోట్లు పిల్లల వివరాల విషయంలో, 24.5 కోట్లు తెలియకుండా కొనిపించిన విషయంలో. గుట్టు, పైసలు ఒక్క చోటనే దొరికినవి చూడండి.

మన తెలంగాణలో 2017 నుంచే పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ మీద నిషేధం ఉన్నది. 2025 ఆగస్టులో పార్లమెంటు పైసల పందెం ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించే చట్టాన్ని ఆమోదించింది. కానీ పైసలు గెలుస్తమనే ఆశ లేకుండా చొక్కాలు, వజ్రాలు మాత్రమే అమ్మే ఆట ఆ పందెం కిందికి రాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏండ్లు నిండని వారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల ఉండాలని, పిల్లలకు గురిపెట్టి ప్రకటనలు చూపరాదని చెప్పింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చినవి. కంపెనీలు సర్దుకొనుటకు 18 నెలల గడువు ఇచ్చినారు. చట్టం వచ్చిందని మనం నిమ్మళంగ ఉండరాదు.

6. మన ఇంటి సంగతి

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఎన్నో ఇండ్లల్ల నాయన దుబాయికో, మస్కట్‌కో పోయి ఉంటడు. అమ్మ బీడీలు చేస్తది. నాయన పంపిన పైసలు పడే ఖాతానే ఫోన్‌పేకు కలిపి ఉంటది. ఆ ఫోనులనే మనము ఆట ఆడుతము. చదువు రాని అమ్మ పిన్ను మనకే చెప్పి, "బిడ్డా, పైసలు పడ్డయా సూడు" అంటది. ఎడారి ఎండల పని చేసిన పైసలకు, ఆటలోని వజ్రాలకు నడుమ నాలుగో ఆరో అంకెలు మాత్రమే ఉన్నవి. ఆ అంకెలు అమ్మ మన మీద పెట్టుకున్న నమ్మకం.

7. చేయవలసిన పనులు

(1) ప్లే స్టోర్‌లో ఏది కొన్నా పాస్‌వర్డ్ అడిగేటట్టు పెట్టండి. పిన్ను ఆటలో కొట్టకండి.
(2) ఆట మన ఫోన్ నంబర్ల పట్టిక, ఉన్న చోటు, మైకు అడిగితే "వద్దు" నొక్కండి. ఆ నంబర్లు మనవి కావు, మన చుట్టాలవి.
(3) ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగులలో ప్రకటనల ఐడీ ఉంటది. దానిని తీసివేయండి.
(4) ఆటలో కలిసిన కొత్తవారికి ఊరు, బడి, ఫొటో ఇయ్యకండి.
(5) తెలియక కొంటే దాచిపెట్టకండి. గూగుల్ ప్లేలో 48 గంటలలోపు వాపసు అడుగవచ్చు. ఎవరైనా మోసం చేసి పైసలు గుంజితే వెంటనే 1930కి ఫోను చేయండి.

అభ్యాసము: వెయ్యి బీడీలకు కూలి ఎంతో ఇంట్లో అడిగి తెలుసుకోండి. 500 రూపాయల వజ్రాలకు అమ్మ ఎన్ని బీడీలు చుట్టాలెనో లెక్కకట్టి రండి. జవాబులు ఈ పత్రిక పక్కనే అంటిద్దాము.

వార్డెన్ సారుకు ఒక మనవి. మమ్ములను తీసుకపోవుటకు అమ్మానాయనలు వచ్చిన రోజున ఏడవ భాగాన్ని వారికి చదివి వినిపించగలరు. చదువు రాని అమ్మలకు అది చెవిన పడితే చాలు.

ఇట్లు,
10వ తరగతి విద్యార్థి,
పెగడపల్లి